పాఠశాల ప్రవేశ పరీక్షలు, తల్లిదండ్రుల ఒత్తిడి: కోనరావుపేట, సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతం

పరిమిత సంఖ్యలో సీట్లున్న బడిలోకి పిల్లలను ప్రతిభా క్రమంలో ఎంచుకోవడానికి నిర్వహించే పోటీ పరీక్షను పాఠశాల ప్రవేశ పరీక్ష అంటారు. ఏడాది చివర రాసే వార్షిక పరీక్షలో నిర్ణీత మార్కులు దాటిన వారందరూ పై తరగతికి వెళతారు. ప్రవేశ పరీక్షలో అలా ఉండదు, ఎంత బాగా రాసినా సీట్ల సంఖ్య నిండేలోగా తన పేరు రాకపోతే ఆ బిడ్డ బయటే మిగులుతాడు. వృత్తి విద్యా కళాశాలల ప్రవేశానికి 1986 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఎంసెట్ పదిహేడు, పద్దెనిమిదేళ్ల వారిని ఉద్దేశించినది కాగా, ఈ వ్యాసంలో ప్రధానంగా చర్చించే గురుకుల, నవోదయ, సైనిక్ పాఠశాలల పరీక్షలను తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లలు రాస్తారు. ఆ వయసులో పరీక్షకు దరఖాస్తు చేసేదీ, చదివించేదీ, ఫలితం కోసం కాచుకునేదీ తల్లిదండ్రులే కాబట్టి, ఈ పరీక్షల చరిత్రను తల్లిదండ్రుల ఆశల చరిత్ర నుంచి విడదీసి చూడడం సాధ్యం కాదు.

ప్రాంతం, బతుకుతెరువు

కోనరావుపేట మండలం 2016 అక్టోబర్ 11న ఏర్పడిన రాజన్న సిరిసిల్ల జిల్లాలో, వేములవాడ శాసనసభ నియోజకవర్గంలో ఉంది. అంతకుముందు ఇదీ, ఉత్తరాన ఉన్న జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలూ ఒకే కరీంనగర్ జిల్లాలో ఉండేవి. వ్యవసాయం అంతటా ఉన్నా, ఈ ప్రాంతపు ఇళ్లలో నగదు ఎక్కువగా మూడు దారుల్లో వస్తుంది. ఒకటి సిరిసిల్ల మరమగ్గాల పని, స్థానికుల మాటలో సాంచాల పని. రెండోది ఆడవాళ్లు చాటలో తునికాకు, తంబాకు పెట్టుకొని ఇంట్లోనే చుట్టే బీడీలు. మూడోది దుబాయి, సౌదీ వంటి గల్ఫ్ దేశాల్లో మగవాళ్లు చేసే కూలి. ఈ మూడింటిలో ఏదీ తల్లిదండ్రులు తమ పిల్లలకు అప్పజెప్పాలని కోరుకునే పని కాదు. భూమి ఉన్నవారు భూమిని పంచి ఇవ్వగలరు, దుకాణం ఉన్నవారు దుకాణం ఇవ్వగలరు. సాంచాల దగ్గర రాత్రి పాళీ చేసే కార్మికుడికి, బీడీల కార్ఖానాకు లెక్క అప్పజెప్పే తల్లికి బిడ్డ చేతిలో పెట్టగలిగిన ఆస్తి చదువు ఒక్కటే. ఇక్కడి ఒత్తిడిని నగరాల్లోని మధ్యతరగతి ఇళ్ల ఒత్తిడితో కలిపి చూస్తే ఈ కారణం మరుగున పడుతుంది.

నిజాం పాలన కాలంలో ఇక్కడి పల్లెల్లో అడ్డంకి వేరుగా ఉండేది. వేములవాడ సమీపంలోని హనుమాజీపేటలో 1931లో పుట్టిన కవి సి. నారాయణరెడ్డి వీధిబడిలో అక్షరాలు నేర్చి, సిరిసిల్లలో ఉర్దూ మాధ్యమంలో చదవవలసి వచ్చింది. ఆనాడు పిల్లలను వడపోయడానికి ప్రత్యేకంగా పరీక్ష అక్కరలేదు, బడి దూరమూ బోధన భాషా ఆ పనిని చేసేవి. తరువాత ఊరూరా బడి వచ్చింది కానీ, ఊరిబడికీ మంచి బడికీ మధ్య ఎడం ఏర్పడింది. ఆ ఎడంలోనే ప్రవేశ పరీక్ష పుట్టింది.

గురుకులాల పుట్టుక

పల్లెల్లోని తెలివైన పేదపిల్లలను ఎంచి, ఒకచోట ఉంచి, ప్రభుత్వ ఖర్చుతో చదివించాలన్న ఆలోచన తెలుగు నేల మీద 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో నెలకొల్పిన గురుకుల పాఠశాలతో రూపం దాల్చింది. అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు పాత కరీంనగర్ జిల్లాలోని వంగర గ్రామానికి చెందినవారు. సర్వేల్ తరువాత గుంటూరు జిల్లా తాడికొండలోనూ, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలోనూ ఇటువంటి బడులే వచ్చాయి. సర్వేల్‌లో చదివినవారిలో తెలంగాణ పోలీసు డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన ఎం. మహేందర్ రెడ్డి ఒకరు. ఇటువంటి పేర్లే తరువాతి తరం తల్లిదండ్రులకు రుజువులయ్యాయి.

అదే పి.వి. కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి మంత్రిగా ఉన్న కాలంలో, 1986 జాతీయ విద్యా విధానంలో భాగంగా, జిల్లాకొకటి చొప్పున నవోదయ విద్యాలయాల పథకం విస్తరించింది. వీటిలో ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి వరకు బాలబాలికలు కలిసి, ఉచిత వసతితో చదువుతారు. సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ ప్రాంతాల పిల్లలకు, మూడింట ఒక వంతు బాలికలకు కేటాయిస్తారు. పాత కరీంనగర్ జిల్లా నవోదయ చొప్పదండిలో ఉంది. సాధారణంగా ఒక నవోదయలో ఏటా ఆరో తరగతికి 80 మందికి మించి తీసుకోరు. జిల్లా విడిపోయిన తరువాత కూడా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల పిల్లలు చొప్పదండి సీట్ల కోసమే పోటీ పడుతూ వచ్చారు. నాలుగు జిల్లాల ఐదో తరగతి పిల్లలకు 80 సీట్లు అన్న లెక్క ఒక్కటి గుర్తుంచుకుంటే, ఈ ప్రాంతంలో నవోదయ కోచింగ్ ఎందుకు వ్యాపారంగా నిలబడిందో వేరే వివరణ అక్కరలేదు.

దళిత, గిరిజన విద్యార్థుల కోసం సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ గురుకులాలు ఉమ్మడి రాష్ట్రంలోనే మొదలయ్యాయి. తెలంగాణ ఏర్పడ్డాక గురుకులాల సంఖ్య వేగంగా పెరిగింది. మైనారిటీ గురుకులాలు వచ్చాయి, 2017లో నియోజకవర్గానికి ఒకటి చొప్పున 119 వెనుకబడిన తరగతుల గురుకులాలు తెరిచారు. అంతకుముందే, 2014 మే 25న, నిజామాబాద్ జిల్లా తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ శిఖరం ఎక్కడంతో గురుకులం అంటే పేద హాస్టలు అన్న పాత అభిప్రాయం చెదిరిపోయింది. చొప్పదండి మండలంలోనే రుక్మాపూర్‌లో బాలుర కోసం సాంఘిక సంక్షేమ సైనిక్ గురుకులం కూడా వెలిసింది. ఉచిత భోజనం, బట్టలు, ఆంగ్ల మాధ్యమం, అనేక చోట్ల ఇంటర్ దాకా ఒకేచోట చదువు: ఇవన్నీ ఒక్క సీటుతో కుటుంబానికి సమకూరుతాయి. కాబట్టి సీటు కోసం తహతహను దురాశ అనడం అన్యాయం, అది ఇంటి ఖర్చుల లెక్క.

పరీక్షల తీరు

రాష్ట్ర గురుకులాల ఐదో తరగతి ప్రవేశానికి నిర్వహించే ఉమ్మడి పరీక్షను నాలుగో తరగతి పిల్లలు రాస్తారు. తెలుగుకు 20, ఆంగ్లానికి 25, గణితానికి 25, పరిసరాల విజ్ఞానానికి 20, మేధాశక్తికి 10, మొత్తం 100 మార్కులకు రెండు గంటల వ్యవధి ఉంటుంది. తల్లిదండ్రుల ఏడాది ఆదాయం గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల రూపాయలు మించకూడదు. జవాబులు రాయనక్కరలేదు; యంత్రం చదివే ఓఎంఆర్ పత్రం మీద, అంటే నాలుగేసి సున్నాలు అచ్చువేసిన కాగితం మీద, సరైన సున్నాను పూర్తిగా నింపాలి. చదవగలిగిన పిల్లలు కూడా ఒక వరుస తప్పి కింది సున్నా నింపితే అక్కడి నుంచి జవాబులన్నీ పక్కకు జరుగుతాయి. అందుకే శిక్షణ కేంద్రాలు పాఠం కంటే ముందు సున్నాలు దిద్దడం నేర్పిస్తాయి.

నవోదయ పరీక్షను ఐదో తరగతిలో, జీవితంలో ఒకేసారి రాయాలి. రెండోసారికి అవకాశం లేదు. రెండు గంటల్లో 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 40 ప్రశ్నలు, అంటే సగం మార్కులు, మేధాశక్తి విభాగానివి. మిగతా సగాన్ని అంకగణితం, భాష చెరి 25 మార్కులుగా పంచుకుంటాయి. మేధాశక్తి విభాగంలో మాటలు దాదాపు ఉండవు, అన్నీ బొమ్మలే. నాలుగు బొమ్మల్లో వేరుగా ఉన్నదాన్ని గుర్తించడం, అద్దంలో ప్రతిబింబం ఎలా ఉంటుందో ఊహించడం, మడతపెట్టి రంధ్రం చేసిన కాగితాన్ని విప్పితే రంధ్రాలు ఎక్కడెక్కడ కనిపిస్తాయో చెప్పడం, పెద్ద ఆకారంలో దాగిన చిన్న ఆకారాన్ని వెతకడం వంటివి అడుగుతారు. ఊరిబడి, పట్నం బడి తేడా లేకుండా సహజమైన తెలివిని కొలవడానికే బొమ్మల ప్రశ్నలు పెట్టారు. ఆచరణలో ఫలితం తిరగబడింది. భాష, లెక్కలు ఏ బడిలోనైనా ఎంతోకొంత చెబుతారు. అద్దం బొమ్మలు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు కాబట్టి వాటిని వందలసార్లు సాధన చేయించే శిక్షణ కేంద్రానికి పోయిన పిల్లలే ముందుంటారు. శిక్షణకు లొంగదనుకున్న విభాగమే శిక్షణకు అన్నిటికంటే ఎక్కువగా లొంగింది.

సైనిక్ పాఠశాలల అఖిల భారత పరీక్షలో ఆరో తరగతికి 125 ప్రశ్నలకు 300 మార్కులుంటాయి. అందులో గణితానిదే 150. తెలుగువారికి చిరకాలంగా తెలిసిన సైనిక్ పాఠశాల 1962లో విజయనగరం దగ్గర కోరుకొండలో ఏర్పడింది. ఇవి కాక, ఆదర్శ పాఠశాలలు ఆరో తరగతికి వేరే పరీక్ష పెడతాయి. ఎనిమిదో తరగతిలో ప్రభుత్వ బడుల పిల్లలు రాసే జాతీయ ప్రతిభా ఉపకార వేతన పరీక్ష ఇందుకు భిన్నమైనది, అందులో నెగ్గిన వారికి ఏటా 12,000 రూపాయలు అందుతాయి కానీ బడి మారనక్కరలేదు. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు చదువు మానేసిన, అనాథ, నిరుపేద బాలికల కోసం ఉద్దేశించినవి కాబట్టి వాటికి ప్రవేశ పరీక్షే లేదు. వసతి బడికి పరీక్ష తప్పనిసరి అన్న నమ్మకం బలంగా ఉన్న చోట ఈ సంగతి తరచుగా మరుగున పడుతుంది.

ఒత్తిడి రూపాలు

పిల్లలు బాగా చదవాలని తల్లిదండ్రులు ఆశించడం వేరు, ఒత్తిడి పెట్టడం వేరు. ఇంట్లో బిడ్డకున్న స్థానం, చుట్టాల్లో ఇంటికున్న పరువు ర్యాంకు మీద ఆధారపడ్డాయని బిడ్డకు అర్థమైన క్షణం నుంచి దాన్ని ఒత్తిడి అనాలి. పరీక్షల తేదీలు ఏటా కొద్దిగా మారినా, గురుకుల పరీక్ష నాలుగో తరగతిలోనూ నవోదయ పరీక్ష ఐదో తరగతిలోనూ వస్తాయి కాబట్టి ఒకే బిడ్డకు పోటీ కాలం రెండేళ్లు సాగుతుంది. రెంటికీ నడుమ దసరా సెలవులుంటాయి. ఊరంతా బతుకమ్మ ఆడే ఆ రోజులే శిక్షణ కేంద్రాలకు గట్టి రోజులు.

గల్ఫ్‌కు పోయిన తండ్రి ఇంటి విషయాలను ఫోన్‌లోనే నడిపిస్తాడు. దూరం వల్ల అతనికి బిడ్డ చదువు అంకెల రూపంలోనే కనిపిస్తుంది, ‘మార్కులు ఎన్ని అచ్చినయి’ అన్న ప్రశ్న తప్ప బడిలో ఏం జరిగిందో అడిగే వీలు తక్కువ. అప్పు చేసి వీసా తెచ్చుకున్నవాడికి ఆ అప్పుకు అర్థం బిడ్డ చదువే. ఇంటి దగ్గర తల్లి బీడీలు చుడుతూ పక్కన కూర్చోబెట్టి చదివిస్తుంది; తాను ఐదో, ఏడో తరగతితో ఆపేసి ఉంటే ఆ లెక్కలు సరిచూడలేదు, కాబట్టి చదువు నాణ్యతను గంటలతో కొలుస్తుంది. ఎక్కువసేపు పుస్తకం ముందు కూర్చుంటే చదివినట్టే. శిక్షణ కేంద్రం అమ్మేది కూడా ఎక్కువ గంటలనే కావడం వల్ల ఇద్దరి లెక్కా కలుస్తుంది.

నవోదయలో గ్రామీణ కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులను గ్రామీణ ప్రాంతంలోని గుర్తింపు పొందిన బడిలో చదివి ఉండాలి. పేరు పల్లె బడిలో ఉంచి, పిల్లలను పట్టణంలోని వసతి శిక్షణకు పంపుతున్నారన్న ఆరోపణ తరచుగా వినిపిస్తుంది. హాజరు పట్టీ ఒకచోట, బిడ్డ మరోచోట ఉండే ఈ పద్ధతిలో, నిజంగా పల్లెలో చదివే పిల్లలకు ఉద్దేశించిన సీట్లు ఖర్చు పెట్టగలిగిన పల్లెవారికి చేరుతాయి.

ఒత్తిడికి లోనైన చిన్నపిల్లలు దాన్ని మాటల్లో చెప్పలేరు. పరీక్ష ముందు కడుపునొప్పి, నిద్ర పట్టకపోవడం, అన్నం వద్దనడం, పక్క తడపడం వంటివి కనిపిస్తాయి. వీటిని సాకులని కొట్టిపారేయడం మామూలు. సీటు రాని బిడ్డ కథ అక్కడితో ముగిసిందనుకుంటారు కానీ సీటు వచ్చిన బిడ్డకు మరో ఘట్టం మొదలవుతుంది. తొమ్మిది, పదేళ్ల వయసులో ఇల్లు వదిలి పడకలు వరుసగా వేసిన గదిలో పడుకోవాలి, ఇంటిమీద బెంగ పెట్టుకున్నా ‘ఎంతమందికి దొరకని సీటు’ అన్న మాట విని ఊరుకోవాలి. 2024లో రాష్ట్రంలోని పలు గురుకులాల్లో కలుషితాహారంతో విద్యార్థులు అస్వస్థులైన ఘటనలు తల్లిదండ్రులను కలవరపెట్టాయి. ఆ ఏడాది చివర ప్రభుత్వం సంక్షేమ వసతిగృహాల భోజన ఖర్చుల మొత్తాన్ని 40 శాతం పెంచింది.

పై తరగతుల్లో ఒత్తిడి రంగు మారుతుంది. ఇంటర్ కార్పొరేట్ కళాశాలల నమూనా కిందికి పాకి, ఆరో తరగతి నుంచే ‘ఐఐటీ ఫౌండేషన్’ పేరుతో ప్రైవేటు బడులు నడుస్తున్నాయి. 2019 ఏప్రిల్ 18న విడుదలైన తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో మార్కుల నమోదు తప్పులు బయటపడిన సందర్భంలో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకోవడం, ఒక్క ఫలితం మీద ఎంత బరువు మోపుతున్నారో బహిరంగంగా చూపింది. తప్పు యంత్రాంగానిదైనా, తప్పానన్న భావం విద్యార్థిదే అయింది. కుంగుబాటులో ఉన్నవారు, వారి కుటుంబాలు ఏ వేళనైనా మాట్లాడడానికి 2022 నుంచి టెలీ మానస్ ఉచిత సేవ 14416 నంబరులో అందుబాటులో ఉంది.

చట్టం చెప్పేది

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల ప్రవేశాల్లో వడపోతను నిషేధించింది. లాటరీ వంటి యాదృచ్ఛిక పద్ధతి కాకుండా ఒక బిడ్డను మరొక బిడ్డ కంటే ముందు ఎంచే ఏ విధానాన్నైనా చట్టం వడపోతగా నిర్వచించి, మొదటి తప్పుకు 25,000, తరువాతి ప్రతి తప్పుకూ 50,000 రూపాయల దాకా జరిమానా విధించింది. ఒకటో తరగతిలో చేర్చే ముందు పిల్లలను, తల్లిదండ్రులను ప్రశ్నించే ప్రైవేటు బడులు దీని పరిధిలోకి వస్తాయి. ఇదే చట్టం కేంద్రీయ, నవోదయ, సైనిక్ పాఠశాలలను ‘నిర్దిష్ట వర్గం’గా వేరుగా పేర్కొంది, నవోదయల ప్రవేశ పరీక్ష కొనసాగుతూనే ఉంది. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ శిక్షణ కేంద్రాలకు ఇచ్చిన మార్గదర్శకాలు పదహారేళ్ల లోపు వారిని చేర్చుకోరాదన్నాయి. పోటీ పరీక్షను తొమ్మిదేళ్లకు పెట్టి, శిక్షణను పదహారేళ్ల దాకా వద్దనడంలోని పొంతనలేమిని పెద్దగా ఎవరూ ప్రశ్నించలేదు.

ఊరిబడి మీద ప్రభావం

ప్రవేశ పరీక్షల గురించి చర్చ సీటు వచ్చినవారి చుట్టూ, రానివారి చుట్టూ తిరుగుతుంది. బడి సంగతి వెనకబడుతుంది. ఏటా నాలుగో, ఐదో తరగతి చివర బాగా చదివే నలుగురైదుగురు వెళ్లిపోయే ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడికి మిగిలే తరగతిని ఊహించడం కష్టం కాదు. గట్టిగా అడిగే తల్లులు కూడా ఆ పిల్లల తల్లులే కాబట్టి వారితోపాటు బడిని నిలదీసే గొంతులూ పోతాయి. ప్రైవేటు బడి బస్సులు మరికొందరిని తీసుకుపోతాయి. 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టి, ఒక పుటలో తెలుగు, ఎదురు పుటలో ఆంగ్లం ఉండే పుస్తకాలు ఇవ్వడం ఈ వలసను ఆపాలన్న ప్రయత్నమే. గురుకులాలు ఎన్ని పెరిగితే ఊరిబడి అంత పలచబడుతుంది, ఊరిబడి పలచబడేకొద్దీ గురుకులం సీటు మీద ఆశ పెరుగుతుంది. తల్లిదండ్రులకు ఎన్ని సలహాలు చెప్పినా ఒత్తిడి తగ్గకపోవడానికి అసలు కారణం ఈ వలయంలో ఉంది.

ఇతర దేశాల అనుభవం

ఇంగ్లండ్‌లో 1944 విద్యా చట్టం తరువాత పదకొండేళ్ల పిల్లలకు ఒక పరీక్ష పెట్టి, కొద్దిమందిని గ్రామర్ పాఠశాలలకు, ఎక్కువమందిని సెకండరీ మోడరన్ పాఠశాలలకు పంపేవారు. పదకొండేళ్లకే బతుకు తేలిపోతోందన్న విమర్శతో 1965 నుంచి ప్రభుత్వం ఈ పద్ధతిని మాన్పించసాగింది. అయినా నేటికీ 163 గ్రామర్ పాఠశాలలు మిగిలాయి, వాటి చుట్టూ ప్రైవేటు ట్యూషన్లూ ఉన్నాయి.

దక్షిణ కొరియా అనుభవం తెలుగు పాఠకులకు మరింత దగ్గరగా తోస్తుంది. 1964 డిసెంబరులో సియోల్ మాధ్యమిక పాఠశాలల ప్రవేశ పరీక్షలో, ఒక రకం పాకం మిఠాయి వండేటప్పుడు మొలకెత్తిన ధాన్యం పొడికి బదులు ఏది వాడవచ్చని అడిగారు. అధికారిక జవాబు ఒక ఎంజైమ్ పేరు. ముల్లంగి రసం అని గుర్తించిన పిల్లలకు మార్కు పోయింది, ఒక్క మార్కుతో పేరున్న బడిలో సీటూ పోయింది. తల్లులు ముల్లంగి రసంతోనే మిఠాయి వండి, కుండలతో సహా విద్యాశాఖ కార్యాలయానికి తెచ్చి చూపారు. 1965లో న్యాయస్థానం వారి పక్షాన తీర్పు ఇచ్చింది. నాలుగేళ్లకే, 1969 నుంచి, సియోల్‌లో ఆ పరీక్షను రద్దు చేసి లాటరీ పెట్టారు. అంతటితో పోటీ పోలేదు, ఉన్నత పాఠశాల వైపూ, ఆపై విశ్వవిద్యాలయం వైపూ జరిగింది. పన్నెండేళ్ల వారి భుజాల మీద నుంచి మాత్రం దిగింది.

ఇటీవలి పరిణామాలు

2024 డిసెంబర్ 6న కేంద్ర మంత్రివర్గం దేశంలో 28 కొత్త నవోదయ విద్యాలయాలకు ఆమోదం తెలిపింది. తెలంగాణకు దక్కిన ఏడింటిలో జగిత్యాల జిల్లా ఉంది, రాజన్న సిరిసిల్ల జిల్లా లేదు. దీనివల్ల కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల ఐదో తరగతి పిల్లలకు సొంత జిల్లా బడికే పోటీపడే వీలు కలుగుతుంది. కోనరావుపేట పిల్లలకు చొప్పదండి పరీక్షే మిగులుతుంది. జగిత్యాల వారు విడిపోయిన మేరకు అక్కడి 80 సీట్లకు పోటీ కొంత పలచబడుతుంది.